జేబు చూసి బెయిలా?

2025 ఆగస్టు 25న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టారు. డబ్బు కట్టించుకోకుండా నిందితుల్ని బెయిలు మీద వదిలేస్తున్న రాష్ట్రాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఏవేవో లిస్టు తీయండి, కేంద్రం నుంచి వాటికి పోయే ఫెడరల్ ఫండ్స్‌లో ఏవి ఆపొచ్చో చూడండి అని న్యాయశాఖని నడిపే అటార్నీ జనరల్‌కి చెప్పారు. క్యాష్ లేని బెయిలు వల్ల నేరస్థులు రోడ్ల మీద తిరుగుతున్నారు, జనం చచ్చిపోతున్నారు అనేది ఆయన మాట. జనం భయం నిజమే, దాన్ని మేం కొట్టిపారేయం. కానీ డబ్బు కట్టగలిగినవాడు ప్రమాదం లేనివాడు, కట్టలేనివాడు ప్రమాదకరమైనవాడు అనే లెక్క ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం మాకు ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు.

ముందు ఈ సిస్టమ్ ఎలా నడుస్తుందో చూడండి. అరెస్టయిన మనిషిని జడ్జి ముందుకి తెస్తారు, జడ్జి ఒక అంకె చెప్తారు, పదివేల డాలర్లు అనుకుందాం. అంతా కోర్టులో కట్టేస్తే బయటికి రావచ్చు, వాయిదాలకి సరిగ్గా హాజరైతే కేసు అయ్యాక ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అంత లేనివాళ్లు బెయిల్ బాండ్ షాపుకి పోతారు, అక్కడ మామూలుగా పది శాతం, అంటే వెయ్యి డాలర్లు, కడితే షాపువాడు కోర్టుకి పూచీ ఉంటాడు, ఆ వెయ్యి మాత్రం మళ్లీ రాదు, రేపు కేసు కొట్టేసినా సరే రాదు. బెయిలుని ఇలా ఒక వ్యాపారంగా నడిపించే దేశాలు ప్రపంచంలో అమెరికా, ఫిలిప్పీన్స్ తప్ప దాదాపు లేవు. అమెరికాలోనే ఇల్లినాయ్, కెంటకీ, ఆరెగాన్, విస్కాన్సిన్ రాష్ట్రాలు ఈ షాపుల్ని ఎప్పుడో మూయించేశాయి. ఆ వెయ్యి కూడా లేనివాళ్ల సంగతేంటి అంటారా, లోపల ఉంటారు. 2023 మధ్యలో అమెరికా లోకల్ జైళ్లలో సుమారు 6,64,000 మంది ఉంటే, వాళ్లలో ప్రతి పదిమందికీ ఏడుగురు ఇంకా నేరం రుజువు కానివాళ్లే. అందరూ డబ్బు లేకే ఉన్నారని కాదు, బెయిలే ఇవ్వకూడదన్న కేసులూ ఉంటాయి, కానీ న్యూజెర్సీలో 2013లో ఒక స్టడీ చేస్తే జైల్లో ఉన్నవాళ్లలో నూటికి 12 మంది కేవలం 2,500 డాలర్లు, అంతకన్నా తక్కువ, కట్టలేక కూర్చున్నారని తేలింది.

ఇప్పుడు రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది న్యూయార్క్ బ్రాంక్స్‌లో. 2010లో కలీఫ్ బ్రౌడర్ అనే 16 ఏళ్ల కుర్రాణ్ణి బ్యాక్‌ప్యాక్ దొంగిలించాడని పట్టుకున్నారు. బెయిలు 3,000 డాలర్లు, ఇంట్లోవాళ్ల దగ్గర లేవు. రైకర్స్ ఐలాండ్ జైలుకి పంపారు. వాయిదా వస్తుంది, ప్రాసిక్యూషన్ మేం రెడీగా లేం, ఇంకో వారం కావాలి అంటుంది, కోర్టు ఖాళీ లేక ఆ వారం కాస్తా నెల దాటిపోతుంది, మళ్లీ అదే. ఇలా మూడేళ్లు, అందులో దాదాపు రెండేళ్లు ఒంటరి సెల్‌లోనే గడిచిపోయాయి. చివర్లో జడ్జి, చిన్న నేరాలు ఒప్పేసుకో, ఇవాళే ఇంటికి పో అని ఆఫర్ ఇస్తే ఆ పిల్లాడు నేను చెయ్యలేదు, ఒప్పుకోను అన్నాడు. మళ్లీ లోపలికే పంపారు. 2013లో కేసు ఎత్తేశారు, ట్రయల్ అనేదే జరగలేదు. 2015లో, 22 ఏళ్ల వయసులో, ఇంట్లో ఉరేసుకున్నాడు.

రెండోది విస్కాన్సిన్ రాష్ట్రంలో. 2021 నవంబర్‌లో వాకిషా అనే ఊళ్లో క్రిస్మస్ పరేడ్ మీదికి ఒకడు కారు తోలి ఆరుగుర్ని చంపాడు, అరవైమందికి పైగా గాయపడ్డారు. దానికి కొద్ది రోజుల ముందే, తన బిడ్డ తల్లిని కారుతో తొక్కించాడన్న కేసులో అతను బెయిలు మీద బయటికొచ్చాడు. ఎంతకి? వెయ్యి డాలర్లకి. అంత తక్కువ అడగడం తప్పేనని తర్వాత ప్రాసిక్యూటర్ ఆఫీసే ఒప్పుకుంది. గమనించండి, ఇది క్యాష్ లేని బెయిలు కాదు, అచ్చమైన క్యాష్ బెయిలు. మరి పదివేలు అడిగుంటే ఆగేవాడా? అప్పో సప్పో చేసి అది కూడా కట్టి వచ్చుంటే ఏం చేసేవాళ్లం? డబ్బు ఎవర్నీ ఆపదు, డబ్బు లేకపోవడం మాత్రమే ఆపుతుంది, అది కూడా ఎక్కువగా ఆపక్కర్లేనివాళ్లని.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2023 ఏప్రిల్‌లో మన్‌హట్టన్‌లో ట్రంప్ మీద క్రిమినల్ కేసు పెట్టినప్పుడు ఆయన ఒక్క డాలర్ కట్టకుండా బయటికొచ్చారు, ఎందుకంటే న్యూయార్క్ కొత్త చట్టం ప్రకారం ఆ సెక్షన్లకి డబ్బు బెయిలు అడగడానికే లేదు. అదే ఏడు ఆగస్టులో జార్జియాలో మాత్రం రెండు లక్షల డాలర్ల బాండు పడింది, ఆయన కూడా అందరిలాగే బెయిల్ బాండ్ కంపెనీకి పోయి పది శాతం కట్టి వచ్చారు. ఆయన్ని వదిలెయ్యడం తప్పని మేం అనం, వాయిదాలకి వస్తారని అందరికీ తెలుసు కాబట్టి వదిలారు. ఆ మర్యాదే బ్రాంక్స్ పిల్లాడికీ దక్కాలి అంటున్నాం, అంతే. అసలు ఫెడరల్ కోర్టులకి 1984లో చేసిన బెయిల్ చట్టంలోనే ఉంది, మనిషి జైల్లోనే ఉండిపోయేలా జడ్జి డబ్బు షరతు పెట్టకూడదని. కేంద్రం తన సొంత ఫెడరల్ కోర్టుల్లో నడుపుతున్న పద్ధతికి దగ్గరగా రాష్ట్రాలు వస్తుంటే ఫండ్స్ ఆపేస్తామనడం ఏం న్యాయమో ఆ ఆర్డర్ రాసినవాళ్లే చెప్పాలి.

సరే, డబ్బు తీసేస్తే దాని స్థానంలో ఏం పెట్టాలి? ఇక్కడే అసలు పని ఉంది, ఇల్లినాయ్ ఆ పని మిగతావాళ్లకంటే బాగా చేసిందని మా అభిప్రాయం. 2021 ఫిబ్రవరిలో గవర్నర్ ప్రిట్స్‌కర్ సంతకం పెట్టిన చట్టం 2023 జనవరి 1న మొదలవ్వాలి, సరిగ్గా ముందురోజు రాష్ట్ర సుప్రీంకోర్టు ఆపింది, జులైలో 5-2తో చెల్లుతుందని తేల్చింది, చివరికి సెప్టెంబర్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. క్యాష్ బెయిలుని పూర్తిగా ఎత్తేసిన మొదటి రాష్ట్రం అదే. దాని ప్రకారం ఎవర్నైనా లోపల ఉంచాలంటే ప్రాసిక్యూటర్ పిటిషన్ వెయ్యాలి, ఆ నేరం చట్టం చెప్పిన లిస్టులో ఉండాలి, ఒకట్రెండు రోజుల్లో హియరింగ్ జరగాలి, పక్కన లాయర్ ఉండాలి, ఇతను ఫలానావాళ్లకి ప్రమాదం లేదా పారిపోతాడు అని గట్టి ఆధారంతో చూపించాలి, జడ్జి కారణం రాయాలి. చూపించగలిగితే కోటి డాలర్లు తెచ్చినా బయటికి రాడు, చూపించలేకపోతే చేతిలో పైసా లేకపోయినా లోపల ఉండడు. పాత పద్ధతిలో ఇదే రాష్ట్రంలోని షికాగోలో కొద్ది నిమిషాల్లో ఒక అంకె చెప్పి తర్వాతి కేసు పిలిచేవాళ్లు. ఊళ్లు తగలబడిపోతాయన్నారు, ఏమీ కాలేదు. మొదటి ఏడాది మీద లొయోలా యూనివర్సిటీవాళ్లు పరిశీలన చేస్తే జైళ్లలో జనం తగ్గారు, కోర్టుకి ఎగ్గొట్టేవాళ్లేమీ పెరగలేదు.

న్యూజెర్సీ ఇంతకంటే ముందే, 2017 జనవరి నుంచి, దాదాపు ఇదే దారి పట్టింది. అప్పుడు గవర్నర్ రిపబ్లికన్ క్రిస్ క్రిస్టీ, అంతకుముందు 2014లో రాజ్యాంగ సవరణకి ఓటర్లే ఓకే అన్నారు, కాబట్టి ఇదంతా లెఫ్ట్‌వాళ్ల గోల అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2015 చివర్నుంచి 2018 చివరికి అక్కడ ట్రయల్ కాకుండా జైల్లో ఉన్నవాళ్లు నలభై శాతానికి పైగా తగ్గారు. అయితే ఉన్నవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా మాత్రం సగం కంటే ఎక్కువే, అది కదల్లేదు. అందుకే సంస్కరణ పూర్తయిపోయింది అనేవాళ్ల మాట కూడా మేం నమ్మం.

న్యూయార్క్ మాత్రం సగం పని చేసి ఇరుక్కుంది. 2020 జనవరిలో చిన్న నేరాలు, హింస లేని చాలా నేరాలకి డబ్బు బెయిలు తీసేశారు, మంచిదే. కానీ ఈ మనిషి ప్రమాదమా కాదా అని జడ్జి చూడడానికి అక్కడి చట్టంలో ముందునుంచీ చోటు లేదు, దాన్ని అలాగే వదిలేశారు. దాంతో ఏ దారుణం జరిగినా టీవీల్లో బెయిలు చట్టం మీదే పడ్డారు, 2020, 2022, 2023 ఇలా మళ్లీ మళ్లీ సవరణలు చేసుకుంటూ పోయారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఒక్క కేసు చూసి చట్టం మొత్తం తిరగరాయడం అమెరికా రాజకీయాల్లో అలవాటైపోయింది. 2025 ఆగస్టులో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో, ట్రైన్‌లో ఉక్రెయిన్ నుంచి శరణు కోరి వచ్చిన ఒక అమ్మాయిని పొడిచి చంపారు, నిందితుడు అంతకుముందు ఒక చిన్న కేసులో వాయిదాకి వస్తానని సంతకం పెట్టి బయటికొచ్చినవాడు. ఆ వీడియో చూసినవాళ్లకి కడుపు రగలడం సహజమే. నార్త్ కరోలినా రెండు నెలలు తిరక్కుండానే ఆమె పేరుతో చట్టం చేసి కొన్ని హింసాత్మక కేసుల్లో ఉత్త సంతకం మీద వదలడాన్ని ఆపేసింది. ఉత్త సంతకం బదులు డబ్బు అడిగుంటే ఆమె బతికేదా అన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అదే ఏడు నవంబర్‌లో టెక్సస్ ఓటర్లు ఒప్పుకున్న సవరణ వేరే రకం, హత్యలాంటి కేసుల్లో ప్రాసిక్యూటర్ గట్టిగా చూపిస్తే అసలు బెయిలే వద్దు అంటుంది. దాన్ని తెచ్చినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు గానీ, ప్రమాదకరమైనవాణ్ణి ఆపడానికి డబ్బు పనికిరాదని వాళ్లు కూడా గుర్తించినట్టే కదా.

బెయిలు గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఫెడరల్ కేసుల్లో ట్రయల్ దాకా పోయేవాళ్లు నూటికి రెండు మూడు, మిగతావాళ్లలో చాలామంది నేరం ఒప్పేసుకుని బేరం కుదుర్చుకుంటారు, రాష్ట్రాల్లోనూ పెద్ద తేడా లేదు. లోపల ఉన్నవాడికి ఉద్యోగం పోతుంటుంది, అద్దె కట్టకపోతే ఇల్లు పోతుంది, పిల్లల్ని ఎవరు చూస్తారో తెలీదు, అలాంటప్పుడు ఒప్పుకో, ఇవాళే ఇంటికి పో అంటే ఎంతమంది వద్దంటారు? కలీఫ్ వద్దన్నాడు, వద్దన్నందుకు ఏమైందో పైన చదివారు. బెయిలు దగ్గర నొక్కితే తీర్పు దాకా అదే నొక్కు పనిచేస్తుంది.

మన దగ్గర ఇదేదో కొత్త కథ కాదు. 1978లో మోతీరామ్ కేసులో మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగారు, తోడబుట్టినవాడు ముందుకొస్తే ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు, ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తెలుగువాడు అక్కడ ఆస్తున్న పూచీదారుని ఎక్కడినుంచి తెస్తాడు అని అడిగారు. అదే తీర్పులో 1966 నాటి అమెరికా బెయిల్ సంస్కరణ చట్టాన్ని, దాని మీద సంతకం పెడుతూ లిండన్ జాన్సన్ చెప్పిన మాటల్ని ఉదాహరణగా చూపించారు. అలా చెప్పాక కూడా మన జైళ్లలో నాలుగింట మూడొంతులమంది విచారణ ఖైదీలే, కాబట్టి అమెరికాని చూసి మనం నవ్వడానికేం లేదు.

ఇక అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి. స్టోర్‌లో చిన్న వస్తువు బిల్లు చెయ్యకుండా తెచ్చారన్న కేసు కూడా అక్కడ అరెస్టు దాకా పోతుంది. 2025 జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం ప్రకారం, సరైన పత్రాలు లేకుండా ఉన్నవాళ్లు దొంగతనం, షాప్‌లిఫ్టింగ్‌లాంటి కేసుల్లో అరెస్టయితే చాలు, తీర్పు అక్కర్లేదు, ఇమ్మిగ్రేషన్‌వాళ్లు పట్టుకుని లోపల ఉంచాల్సిందే. వీసా ఉన్న స్టూడెంట్స్ ఆ చట్టం కిందికి రారు గానీ వాళ్లకీ భరోసా లేదు, అదే ఏడు వసంతంలో పాత అరెస్టు రికార్డులు చూసి వేలమంది స్టూడెంట్ స్టేటస్ రద్దు చేశారు, వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లు కూడా ఉన్నారు, కోర్టుల్లో వరసగా కేసులు పడ్డాక ఏప్రిల్‌లో వెనక్కి ఇచ్చారు. దొంగతనం కేసు పడితే వీసా పోవచ్చని జులైలో ఢిల్లీలోని అమెరికన్ ఎంబసీ కూడా హెచ్చరించింది. ఇలాంటి కేసులో ఇరుక్కున్న కుర్రాడో అమ్మాయో భయంతో, తొందరగా తేలిపోతుందిలే అని ఒప్పేసుకుంటే కోర్టులో ఫైన్‌తో పోయేది ఇమ్మిగ్రేషన్ దగ్గర దేశం దాటించేదాకా రావచ్చు. 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, సిటిజన్ కాని నిందితుడికి నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందో లేదో చెప్పడం లాయర్ బాధ్యతే అని తేల్చింది. కాబట్టి అరెస్టయిన మొదటి రోజే లాయర్‌ని అడగాల్సిన ప్రశ్న బెయిలు ఎంత అని ఒక్కటే కాదు, ఒప్పుకుంటే నా వీసా ఏమవుతుంది అని కూడా. కన్సులేట్, తెలుగు సంఘాలు ఆగస్టులో దిగే పిల్లలకి బ్యాంక్ అకౌంట్, సిమ్ కార్డు గురించి చెప్పేటప్పుడే ఈ సంగతి కూడా చెప్పాలి.