తోక ముక్క

గోదావరికి ఎర్రనీరు వచ్చి, పులస ధర వింటేనే జ్వరం పట్టుకునే రోజులు. నరసాపురంలో పదవీ విరమణ చేసిన మాస్టారు ఆదివారం క్రైస్తవ సంఘంలో చేయవలసిన ప్రసంగాన్ని భోజనాల దగ్గరే వినిపించడం మొదలుపెట్టారు. ఆయన భార్య మరియమ్మగారు ముక్క చిదరకుండా, గరిటె పెట్టకుండా, పులుసు దాకనే పట్టుకుని కుదుపుతున్నారు.

మాస్టారు: జగత్తుకు పునాది వేయబడక మునుపే రక్షణ పొందవలసిన వారిని దేవుడు ఎన్నుకొన్నాడనీ, ఆ ఎన్నికకు వారి మంచితనంతో గానీ, వారిలో ముందుగా చూసిన విశ్వాసంతో గానీ పని లేదనీ ఫ్రెంచి మతసంస్కర్త కాల్విన్ తన ‘ఇన్‌స్టిట్యూట్స్’ గ్రంథపు 1559 నాటి చివరి కూర్పులో తేల్చి చెప్పాడు, మరియా.

మరియమ్మ: మిగిలినవారి మాటేమిటండీ?

మాస్టారు: వారిని నాశనానికి నిర్ణయించాడు. ఆ నిర్ణయం వణుకు పుట్టించేదేనని కాల్విన్ కూడా ఒప్పుకొన్నాడు. అయినా కుమ్మరిని మట్టి ప్రశ్నించవచ్చునా?

మరియమ్మ: పగలాలని తానే కోరి చేసిన దాకను, పగిలినందుకు తిట్టే కుమ్మరిని నేనింతవరకు చూడలేదు. అదలా ఉంచండి. అంతా ముందే తేలిపోయి ఉంటే 1836లో బౌడెన్ దొర, బీర్ దొర ఇంగ్లండు వదిలి సువార్త చెప్పడానికి మన డెల్టాకు రావడం దేనికి? అలాగైతే ప్రసంగమే వ్యర్థమని ఇంగ్లండు బోధకుడు వెస్లీ 1739లో అన్నాడని పోయిన వారం మీరే చెప్పారు.

మాస్టారు: గమ్యంతో పాటు దారిని కూడా దేవుడే నిర్ణయించాడు. చేను తడవాలని నిర్ణయించినవాడే కాలువనూ తవ్వించాడు.

మరియమ్మ: కాలువ మాట ఎత్తారు కనుక అడుగుతున్నాను. లస్కరు ఎగువ చేలకు మాత్రమే తూము ఎత్తి, శివారు చేలకు ఎత్తకుండా, చేను ఎండిపోయాక ఆ శివారు రైతుకే జరిమానా వేస్తే మీరు ఊరుకుంటారా? కలెక్టరుగారికి అర్జీ మీ చేతి రాతతోనే వెళ్తుంది.

మాస్టారు: నీరు రైతుకు హక్కు, కృప ఎవరికీ హక్కు కాదు. అందరూ దోషులే అయినప్పుడు కొందరిని క్షమించడం దయ, మిగిలినవారిని శిక్షించడం న్యాయం. హాలండు సంఘాలవారు 1618లో కూర్చున్న డోర్ట్ మహాసభ నెలల తరబడి చర్చించి... ఇదేమిటి, నా కంచంలో తోక ముక్క వేశావు? జన ఉన్న ముక్కలేవి?

మరియమ్మ: అవి మా తమ్ముడికి.

మాస్టారు: వాడింకా గుమ్మం తొక్కనే లేదే!

మరియమ్మ: వాడు రాక మునుపే, మేలైనా కీడైనా చేయక మునుపే ఎన్నుకొన్నాను. మీరు పెద్దవారు, వాడు చిన్నవాడు. పుట్టక మునుపే అన్న ఏశావును కాదని తమ్ముడు యాకోబును దేవుడు ఎన్నుకొన్న సంగతి రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ఉందని మీరే చదివి వినిపించారు.

మాస్టారు: తెల్లవారుజామున రేవుకు వెళ్లి, గంటసేపు బేరమాడి, ఆ చేపను తెచ్చినది నేను!

మరియమ్మ: క్రియల వలన కాదన్నారు కదండీ.

మాస్టారు: చూడు మరియా, ఏశావు, యాకోబుల మాట రెండు జాతులను గురించినదే తప్ప, మనిషికీ మనిషికీ రక్షణ పంచిన లెక్క కాదని చాలామంది పండితులు వాదించారు. మనుష్యులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని ఇచ్ఛ అని తిమోతికి రాసిన మొదటి పత్రికలో స్పష్టంగా ఉంది. దుష్టుడు చావడం నాకు సంతోషమా అని యెహెజ్కేలు గ్రంథంలో దేవుడే అడిగాడు. అందరినీ విందుకు పిలిచి, కొందరి కంచాలను మాత్రం ముందే బోర్లించిపెడితే ఆ పిలుపు పిలుపేనా?

మరియమ్మ: ఇవి కాల్విన్ మాటను కాదన్న హాలండు బోధకుడు ఆర్మీనియస్ పక్షం వారి మాటల్లా ఉన్నాయే! డోర్ట్ సభ వారిని బయటికి పంపేసిందన్నారు. మీరు కూడా వరండాలోకి వెళ్తారా?

ఇంతలో ఫోన్ మోగింది. వరద ఎక్కువగా ఉండి సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేశారనీ, ఈ రోజుకు తాను రాలేననీ తమ్ముడు చెప్పాడు. మాస్టారి చేయి దాక వైపు కదిలింది.

మరియమ్మ: ఆగండి. ఎన్నికైనవాడు చివరివరకు నిలుస్తాడని మీ కాల్వినే అన్నాడు. వాడు రేపు వస్తాడు. పులస పులుసుకు రుచి కూడా రేపే.

మాస్టారు: అయితే ఈ క్షణం నుంచి నేను ఆర్మీనియస్ పక్షం. ఎవరు విశ్వసిస్తారో ముందుగా చూసి దేవుడు ఎన్నుకొన్నాడని ఆయన అన్నాడు. సాయంత్రం అంట్లన్నీ నేను తోముతానని నీవు ముందుగా చూడలేవా?

మరియమ్మ: నలభై ఏళ్లుగా చూస్తున్నానండీ. ముందుగా చూసే తోక ముక్క వేశాను.