రంగులు తర్వాత, ముందు వరస చూడండి

డిజైన్ బాగుందా అని అడిగితే చాలామంది ముందు రంగుల గురించే మాట్లాడతారు. ఆ తర్వాత ఫాంట్, ఆ తర్వాత లోగో ఇంకాస్త పెద్దది చేయొచ్చా అన్న చర్చ. బ్యాలెన్స్, కాంట్రాస్ట్ (రంగుల మధ్య కొట్టొచ్చే తేడా), అలైన్‌మెంట్ (అన్నీ ఒక గీతకు సర్దడం), దగ్గరి వస్తువుల్ని కలిపి పెట్టడం లాంటి సూత్రాలు ఈ రంగంతో కాస్త పరిచయం ఉన్నవాళ్లందరికీ తెలిసినవే, వాటిని మళ్లీ వల్లె వేయను. నా వాదన ఒకటే, ఈ సూత్రాలన్నీ సమానం కావు. ఏది దేనికి సంబంధించిందో, ముందు ఏది చదవాలో చూడగానే తెలియకపోతే ఆ డిజైన్ ఎంత అందంగా ఉన్నా ఫెయిలైనట్టే.

2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ వాడిన బ్యాలెట్ చూడండి. అభ్యర్థులు చాలామంది, ఓటర్లలో పెద్దవయసువాళ్లు ఎక్కువ, కాబట్టి అక్షరాలు పెద్దగా ఉండాలని పేర్లను ఎదురెదురుగా రెండు పేజీల్లో వేసి, మధ్యలో ఒకే నిలువు వరసలో ఓటరు పొడిచి ఓటేసే రంధ్రాలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఎడమ పేజీలో రెండో పేరు అల్ గోర్‌ది, మధ్యలోని రెండో రంధ్రం మాత్రం కుడి పేజీలో మొదట ఉన్న పాట్ బుకానన్‌ది. గోర్‌కు ఓటేయాలంటే మూడోది పొడవాలి. బాణం గుర్తులు లేకపోలేదు, అయినా రెండో పేరు చదివిన కన్ను రెండో రంధ్రం దగ్గరికే పోతుంది. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,400 పైచిలుకు ఓట్లు పడ్డాయి, మొత్తం రాష్ట్రంలో గోర్ మీద గెలిచిన జార్జ్ బుష్ మెజారిటీ 537. అక్షరాల సైజు గురించి అంత ఆలోచించినవాళ్లు పేరూ రంధ్రమూ ఒక జత అన్న సంగతి కంటికి చెప్పలేకపోయారు.

ఇది అభిరుచికి సంబంధించిన గొడవ కాదు. దగ్గరగా ఉన్నవాటిని, ఒకేలా ఉన్నవాటిని మనం ఒక గుంపుగా చూస్తామని మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్థైమర్ 1923లోనే వివరంగా రాశాడు. చదవడం మొదలయ్యేలోపే కన్ను ఆ పని ముగించేస్తుంది.

అన్నీ రాసే ఉన్నాయి కదా, చూసుకోవాల్సింది చదివేవాళ్లే అంటారు కొందరు. 2017 ఆస్కార్ వేదిక మీద ఉత్తమ చిత్రానికి బదులు ఉత్తమ నటి కవరు చేతికివ్వడం, దాంతో గెలవని సినిమా పేరు ప్రకటించడం మనిషి తప్పే, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ కార్డు మీద పైన కొట్టొచ్చినట్టు ఉన్నది ఆస్కార్ పేరు. అది ఏ అవార్డో చెప్పే మాట అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. కోట్లమంది చూస్తుండగా, ఆ టెన్షన్‌లో, అడుగున ఏముందో ఎవరు వెతుకుతారు? అవార్డు పేరు పైన పెద్దగా ఉండుంటే ఆ తప్పు అక్కడే దొరికిపోయే అవకాశం ఉండేది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఇలాంటి పొరపాట్లు కాదు, ఇదే విద్యను తెలిసి తెలిసీ తిరగేసి వాడటం. యాప్ తెరవగానే ఒక పెట్టె వస్తుంది. "అంగీకరిస్తున్నాను" అన్నది ముదురు రంగులో, వెడల్పాటి బటన్‌గా, బొటనవేలికి అందేచోట ఉంటుంది. "వద్దు" అన్నది తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద రంగులో, బటనో మామూలు అక్షరాలో తెలియకుండా ఓ మూల ఉంటుంది. మామూలు సైజు అక్షరాలకు నేపథ్యంతో కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి, అది వీళ్లకు తెలియదనుకోవడం అమాయకత్వం. ఏది ముందు కనబడాలో బాగా తెలుసు కాబట్టే ఏది కనబడకూడదో అంత పక్కాగా చేయగలుగుతున్నారు. డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లోనే వీటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు.

డిజైన్ అంటే అలంకరణే అని మనం అనుకుంటున్నంతకాలం ఈ మోసం అందం చర్చలో దాక్కుంటుంది. కుకీలను (వెబ్‌సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లను) ఒప్పుకున్నంత సులువుగా వద్దనే వీలు లేదని ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది. ఆ దారే సరైనది. ఒప్పుకునే బటన్‌కు ఏ సైజు, ఏ కాంట్రాస్ట్, ఏ చోటు ఇస్తారో వద్దనే బటన్‌కూ అదే ఇవ్వాలని ప్రతి దేశమూ చట్టంలో రాయాలి, చందా రద్దు చేసుకునే పేజీతో సహా.