పది, పదిన్నర, పదకొండు

అమ్మా నాన్నా తెనాలి నుంచి డల్లాస్‌లోని మా ఇంటికి వచ్చిన వేసవిలో, లాస్ వేగస్ దాకా విమానంలో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, జయాన్, బ్రైస్, యాంటిలోప్ క్యాన్యన్, గ్రాండ్ క్యాన్యన్ చూసి రావడానికి నేను ఎక్సెల్‌లో ఆరు రోజుల ప్రణాళిక వేశాను. పావుగంటకొక గడి, గడికొక రంగు. "మన పెళ్లిపనుల్లో కూడా మీరు ఇంత శ్రద్ధ చూపలేదు" అన్నది నా భార్య. పటంలో ఎదురెదురు అరుగుల్లా కనిపించిన గ్రాండ్ క్యాన్యన్ ఉత్తరపు, దక్షిణపు అంచులను ఒకే పూట చూడవచ్చని మొదట రాసిన మాట నిజమే. ఆ నడిమి దూరం పక్షికి సుమారు 10 మైళ్లే గానీ కారుకు 200 మైళ్లకు పైనేనని తెలిశాక, ఉత్తరపు అంచును ఎవరికీ చెప్పకుండా కొట్టివేశాను.

ఆ కాగితంలో అమ్మ చదివింది ఒక్క గడినే. గ్రాండ్ క్యాన్యన్‌లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అనే పేర్లున్న శిఖరాలున్నాయి. వాటిలో మొదటిదాన్ని ఐదో రోజు సాయంత్రానికి రాసిపెట్టాను. "గుడి ఎన్నింటికి మూస్తారు నాన్నా?" అని ఆమె అడిగినప్పుడు, హోటళ్ల బుకింగు గొడవలో మునిగి ఉన్న నేను "అసలు మూయరమ్మా" అన్నాను. అది అబద్ధమూ కాదు. మరునాటికే ఆమె పెట్టెలోకి ఒక కొబ్బరికాయ చేరింది.

జయాన్ సవ్యంగానే గడిచింది. బ్రైస్‌కు క్యాన్యన్ అని పేరే గానీ అది నది కోసిన లోయ కాదని వివరించబోయేసరికి, ఎనిమిది వేల అడుగుల ఎత్తున జూన్ ఉదయపు చలికి అందరూ కారెక్కేశారు గనుక ఆ ఉపన్యాసం నాకు నేనే ఇచ్చుకున్నాను.

అసలు కథ నాలుగో రోజున, యూటాలోని కనాబ్ నుంచి అరిజోనాలోని పేజ్ ఊరికి వెళ్లే దారిలో జరిగింది. యాంటిలోప్ క్యాన్యన్ నవాహో అనే అమెరికా ఆదివాసీ ప్రజల భూమిలో ఉంది. వారి గైడు వెంట లేనిదే లోపలికి వెళ్లకూడదు. ఇసుకరాతి చీలికలోంచి వెలుగు స్తంభాల్లా దిగేది వేసవి మధ్యాహ్నాల్లోనే కనుక, ఎంతో ముందుగా, డబ్బు వాపసు ఉండదన్న షరతుకు తలొగ్గి, 11 గంటల టికెట్లు కొన్నాను. ఆ ఉదయం హోటల్ గదిలో రైస్ కుక్కరుతో పులిహోర సిద్ధమయ్యేసరికి, తొమ్మిదికి కదలవలసిన కారు ముప్పావుగంట ఆలస్యంగా కదిలింది.

గ్లెన్ క్యాన్యన్ ఆనకట్ట పక్కన వంతెన మీదికి రాగానే, మన నాగార్జునసాగర్ అంత ఉందో లేదో చూస్తాను, ఆపమన్నారు నాన్న. నా ఫోన్ చూస్తే పదవుతోంది కనుక ఆపబోయాను. "ఆపకండి, పదకొండవుతోంది" అని నా భార్య తన ఫోన్ చూపించింది. ఇద్దరం కలిసి నాన్న వైపు చూశాం. స్టేషన్ మాస్టరుగా రిటైరైన ఆయన, బయలుదేరిన నాటి నుంచీ భారత కాలమానం మీదనే నడుస్తున్న తన చేతి గడియారాన్ని తాపీగా చూసుకుని, "నా దాంట్లో పదిన్నర" అన్నారు, గట్టు తగాదాలో పెద్దమనిషి ఇద్దరికీ చెరిసగం పంచినట్లు.

చెడ్డవార్తను నమ్మినంత త్వరగా మంచివార్తను నమ్మం కనుక, పదకొండునే ఖాయం చేసుకున్నాం. ఆనకట్టను వదిలేశాం, గుర్రపునాడాలా నది వంపు తిరిగే హార్స్‌షూ బెండ్‌ను వదిలేశాం, పులిహోర అమ్మ ఒడిలో మూతపెట్టే ఉండిపోయింది. రొప్పుతూ కౌంటరు దగ్గర నిలబడితే, అక్కడున్న నవాహో అమ్మాయి, మా పదకొండుకు ఇంకా యాభై నిముషాలుందని చెప్పి, మొదటిసారి కాదన్నట్లు నవ్వింది.

వేసవిలో యూటా గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది. అరిజోనా 1968 నుంచి ఆ పని మానుకుంది. మూడు రాష్ట్రాల్లో పరచుకున్న నవాహో భూమి మాత్రం అరిజోనాలోనూ జరుపుతుంది. దాని కడుపులో ఉన్న హోపీ అనే మరో ఆదివాసీ ప్రజల భూమి జరపదు. పేజ్‌లో టూర్లేమో, నవాహో భూమిలోనివే అయినా, ఊరి సమయం మీదనే నడుస్తాయి. మా రెండు ఫోన్లూ చెరొక టవరు మాట విన్నాయన్నమాట. ఇదంతా ఓపికగా విన్న నాన్న, "ఒకే లైను మీద రెండు టైములు పెడితే బండ్లు గుద్దుకోవూ!" అని, ఆ యాభై నిముషాలూ మండుటెండలో రైల్వేవారి క్రమశిక్షణ గురించి చెప్పారు.

ఐదో రోజు సాయంత్రం ఆరున్నరకు, నా గడిలో రాసిన వేళకే, గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచున నిలబడ్డాం. అమ్మ కొబ్బరికాయతో సహా కమ్మీ దగ్గరికి వచ్చి "గుడేదిరా?" అన్నది. గోపురంలా లేచిన ఆ కొండే విష్ణు టెంపులనీ, 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడనీ, ఇక్కడ కాయ కొట్టకూడదనీ ఒకే గుక్కలో చెప్పేశాను. ఆమె మాట్లాడలేదు. నాన్న చేతి గడియారం చూసుకున్నారు.

"ఏడయింది. మన ఊళ్లో పూజారి తలుపులు తీసే ఉంటాడు, దండం పెట్టుకో."