పోపు గారు 1969లో పునీతుల్ని ‘తీసేశారా’? ఆ ఫార్వర్డ్‌లో ఉన్న తప్పులు

మా బాబాయి ఆటో అద్దం దగ్గర ఒక చిన్న మెడల్ వేలాడుతూ ఉండేది. వేళాంగణి నుంచి తెచ్చుకున్నది, భుజం మీద పిల్లవాణ్ణి ఎత్తుకుని చేతికర్ర ఊతంగా ఏరు దాటుతున్న పునీతుడు (సెయింట్) క్రిస్టోఫర్ గారి బొమ్మ, చుట్టూ ఉన్న అక్షరాలు అరిగిపోయి చదవడానికి రావు. పోయిన నెల ఎక్కితే అది లేదు. ఏమైంది బాబాయ్ అంటే ఫోన్ తీసి ఫార్వర్డ్ చూపించాడు. క్రిస్టోఫర్, జార్జి, నికోలాసు, వాలెంటైన్, బార్బరా, అలెగ్జాండ్రియా కత్తెరీనమ్మ, వీళ్ళందరినీ 1969లో పోపు పునీతుల్లోంచి తొలగించాడట, అసలు పుట్టనేలేదని చర్చే ఒప్పుకుందట, వాళ్ళ పేరున గుడులూ మెడల్సూ ఇక దండగట. మా విచారణ (మా గుడి పరిధిలోని కతోలికుల) గ్రూపులోనూ ఇదే తిరుగుతోంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నా.

మొదటిది, ‘తొలగించాడు’. 1969 ఫిబ్రవరి 14న ఆరో పౌలు పోపు గారు ఉత్తర్వు ఇచ్చిన మాట నిజం, 1970 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కానీ ఆయన సవరించింది దైవార్చన క్యాలెండర్‌ని, అంటే ప్రపంచమంతా ఉన్న రోమన్ కతోలిక గుడుల్లో ఏ రోజు ఎవరి పండుగ పూజ చెప్పాలనే పట్టికని. పునీతుల పేర్లుండే పుస్తకం వేరు, దాన్ని రోమన్ మార్టిరాలజీ అంటారు. అందులో పునీతులూ, వాళ్ళకి ఒక మెట్టు కిందుండే ధన్యులూ కలిపి దాదాపు 7,000 మంది ఉన్నారు, ఏడాదికేమో 365 రోజులు, అందరికీ పట్టికలో చోటెలా వస్తుంది? అదే పుస్తకంలో జూలై 25 తీస్తే క్రిస్టోఫర్ గారు, ఫిబ్రవరి 14 తీస్తే వాలెంటైన్ గారు, డిసెంబర్ 4 తీస్తే బార్బరమ్మ ఇప్పటికీ ఉన్నారు.

రెండోది, ఆ పేర్ల జాబితాయే తప్పు. జార్జి గారు ఏప్రిల్ 23న, నికోలాసు గారు డిసెంబర్ 6న క్యాలెండర్‌లోనే ఉన్నారు, 1969లోనూ పోలేదు. కాకపోతే వాళ్ళవి ఐచ్ఛిక స్మరణలు, గురువులు (ఫాదర్లు) ఆ రోజు వాళ్ళ పూజ చెప్పొచ్చు, చెప్పకపోయినా తప్పులేదు. కత్తెరీనమ్మ పేరు అప్పుడు తీసిన మాట నిజమే, కానీ రెండో జాన్ పాల్ పోపు గారి కాలంలో, 2002లో, నవంబర్ 25కి మళ్ళీ చేర్చారు. రాసినవాళ్ళు ఒక్కసారి గుడి క్యాలెండర్ తిప్పి చూసినా ఇది తెలిసేది.

‘పుట్టనేలేదని ఒప్పుకున్నారు’ అన్నది మూడోది, నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. క్రిస్టోఫర్ గారి విషయంలో అప్పుడు చెప్పిన కారణం ఏంటంటే, ఆయన జీవితం గురించి రాసిన కథలు నమ్మదగ్గవి కావు గానీ ఆయన్ని పూర్వం నుంచీ గౌరవించారనడానికి పాత ఆనవాళ్ళు ఉన్నాయి, అయితే ఆ పండుగ రోమ్ పాత సంప్రదాయంలోది కాదు, 1550 ప్రాంతంలో చేరింది, కాబట్టి ఆయా ప్రాంతాల క్యాలెండర్లకి వదిలేస్తున్నాం అని. ఏరు దాటించిన కథ తర్వాతి కాలంలో అల్లింది అనడం వేరు, మనిషే లేడనడం వేరు. వాలెంటైన్ గారి గురించి కూడా అంతే. పేరు, ఫిబ్రవరి 14న రోమ్‌లో ఫ్లామినియా దారి పక్కన సమాధి చేశారన్నది తప్ప ఇంకేమీ తెలియదన్నారు, అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మరి ఎందుకు తగ్గించారు? అంతకుముందు దాదాపు ప్రతి రోజూ ఎవరో ఒక పునీతుడి పండుగే, ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలం పూజలు కూడా వాటి కింద మునిగిపోయేవి. క్రీస్తు పాటులూ పునరుత్థానమూ ముందుండాలి, పునీతుల పండుగలు వాటిని కప్పేయకూడదు అని కతోలిక బిషప్పుల సభ, రెండో వాటికన్ మహాసభ, 1963లోనే చెప్పింది. అందుకే వేదాంతి తోమా అక్వినాసు గారిని తపస్సు కాలంలో పడే మార్చి 7 నుంచి జనవరి 28కి జరిపారు. యేసు శిష్యుడు, మన తోమాసు గారి పండుగ డిసెంబర్ 21న, క్రిస్మస్ ముంగిట పడేది, దాన్ని జూలై 3కి మార్చారు, మన దేశంలో ఆ రోజు మహోత్సవంగా చేసుకుంటున్నాం. రోజు మారితే పునీతత్వం పోతుందా?

అసలు ఆ పట్టికలో స్థాయిని బట్టి భక్తిని కొలవడమే తప్పు. లూర్దుమాత స్మరణ, ఫిబ్రవరి 11, రోమ్ పట్టికలో ఐచ్ఛికమే. గుణదల కొండ దగ్గర 9, 10, 11 తేదీల్లో ఎంత జనం ఉంటారో విజయవాడ వాళ్ళకి నేను చెప్పాలా?

ఒక్క చోట ఫార్వర్డ్‌లకి కాస్త ఆధారం దొరుకుతుంది, అది ఫిలోమినమ్మ విషయం. 1802లో రోమ్ భూగర్భ సమాధుల్లో దొరికిన ఎముకల మీద మొదలైన భక్తి అది. ఆమె పండుగను క్యాలెండర్లన్నిటిలోంచీ తీసేయమని 1961లో నిజంగానే ఆదేశం వచ్చింది, మార్టిరాలజీలో కూడా ఆమె పేరు లేదు. అది దాచాల్సిన సంగతేం కాదు. కానీ అది 1969 కంటే ముందే జరిగింది, దాన్ని తెచ్చి క్రిస్టోఫర్ గారికి అంటగట్టడం న్యాయం కాదు.

ఇదంతా ఫోన్‌లో చెప్తే బాబాయి చాలాసేపు విన్నాడు. మెడల్ పారేయలేదట, సీటు కింద పానాల డబ్బాలో ఉందట. తీసి మళ్ళీ కట్టుకో అన్నాను.