“కమిటీ ఎన్నికకి పోయి ఏం లాభం?” అన్న మెసేజ్‌కి జవాబు

ఈ వారం ఒడిశాలోని మా పర్లాకిమిడి గ్రూపులోకి నాలుగుసార్లు వచ్చింది ఈ మెసేజ్: “స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నికకి పోయి కూలి పోగొట్టుకోకండి. దానికి పవర్ లేదు. అంతా ఒడియాలోనే. చదువురాని ఆడవాళ్లని లెక్క కోసం కూర్చోబెడతారు. ఆంధ్రాలో ఓటున్నవాళ్లకి చోటే లేదు.”

చివరిది ముందు తేల్చేద్దాం. మీ ఓటరు కార్డు ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉంటే ఉండనివ్వండి. 2009 విద్యాహక్కు చట్టం చూసేది మీ పిల్ల పేరు ఆ బడి రిజిస్టర్లో ఉందా అనే. కమిటీలో నాలుగింట మూడు వంతులు అలాంటి తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి.

పవర్ లేదన్నది కొంత నిజం. ఆ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత ఎయిడెడ్ (సర్కారు సాయంతో నడిచే ప్రైవేటు) బడుల్లో, భాషా మైనారిటీల బడుల్లో కమిటీది సలహా వరకే. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఈ కమిటీయే అక్కర్లేదు (మెసేజ్ పెట్టినాయన పిల్ల చదివేది అక్కడే, అది వేరే సంగతి). సర్కారు బడిలో మాత్రం గ్రాంటు దేనికి ఖర్చయిందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయటం కమిటీ పనే. టీచర్ని బదిలీ చేయించేద్దామని వెళ్లేవాళ్లు ఇంట్లో ఉండటమే మేలు.

“లెక్క కోసం ఆడవాళ్లు” అన్న మాటకి ఒళ్లు మండింది. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలన్నది చట్టమే. ఒకసారి నేను కూర్చున్న మీటింగులో ఖాళీ పేజీ మీదే సంతకాలు తీసుకుంటున్నారు. కూరగాయలమ్మే ఒకావిడ ఇంకు పెట్టెని పక్కకి నెట్టేసింది. “ఏటి రాస్తారో రాసి చదవండి, అప్పుడు ముద్ర ఏస్తాను.” తర్వాత మధ్యాహ్న భోజనం మాట వచ్చింది. ప్రైమరీ పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, పై తరగతుల పిల్లకి 150. “అరవైమంది చిన్నపిల్లలు తిన్నారని రాసారు కదా, ఆరు కిలోలు అవ్వాలి. ఇయ్యాల ఎసట్లో ఎన్ని పోసారు?” ఆవిడకి అక్షరాలు రావు, తూకం వచ్చు. 2015 భోజన పథకం నియమాలు భోజనం నాణ్యత, వంటచోటు శుభ్రత చూసే పని అప్పగించింది ఈ కమిటీకే.

ఇక ఒడియా. మినిట్స్ (మీటింగులో ఏం జరిగిందో రాసే పుస్తకం) ఒడియాలోనే రాస్తారు, నిజమే. బజార్లో ఒడియాలో బేరమాడి పది రూపాయలు తగ్గించుకునే మనకి, “చదివి చెప్పండి” అనడానికి మాత్రం నోరు రాదా? వీలైనంతవరకు మాతృభాషలోనే చదువు చెప్పాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బడికి ఇంకా ఎంతమంది టీచర్లు కావాలో రాసేది అభివృద్ధి ప్రణాళికలోనే. తెలుగు టీచరు కావాలన్న మాట అందులోకి ఎక్కించాలంటే అది రాసేరోజు మనవాళ్లెవరో ఒకరు ఆ గదిలో ఉండాలి.