గేమ్ డెవలప్‌మెంట్‌కు ఏ డిగ్రీ మేలు?

ఈఏపీసెట్ ర్యాంకు చేతికొచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో, వీడియో గేమ్‌ల తయారీలో స్థిరపడాలనుకునే అనంతపురం విద్యార్థికీ అతని తల్లిదండ్రులకూ ఒక సందేహం తప్పదు. గేమింగ్ అని పేరున్న కోర్సులో చేరాలా, కంప్యూటర్ సైన్స్ తీసుకోవాలా? ప్రోగ్రామింగ్ వైపు వెళ్లదలచినవారికి కంప్యూటర్ సైన్సే మేలని నా దృఢమైన అభిప్రాయం.

సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 స్థిర చిత్రాలు, చూపించే గేమ్‌లో ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆటగాడు నొక్కిన బటన్‌ను గుర్తించడం, పాత్రల కదలికలను లెక్కగట్టడం, ఏ వస్తువు దేనికి తగిలిందో తేల్చడం, దృశ్యాన్ని తెరపై గీయడం అన్నీ ఆ వ్యవధిలోనే ముగియాలి. డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని అమర్చే పద్ధతులు), అల్గారిథమ్‌లు (పనిని అంచెలంచెలుగా చేసే విధానాలు), కంప్యూటర్ గ్రాఫిక్స్ బాగా రానివారికి ఇది సాధ్యం కాదు. ఇంటర్ ఎంపీసీలో మార్కుల కోసం చదివి వదిలేసే వెక్టర్లు, మాత్రికలే ఇక్కడ పాత్ర ఎటు తిరగాలో, కెమెరా ఎక్కడ నిలవాలో నిర్ణయిస్తాయి. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లలో యూనిటీ కోసం సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను, అన్‌రియల్ ఇంజిన్ కోసం సీ ప్లస్ ప్లస్‌ను పట్టుదల ఉన్న విద్యార్థి సొంతంగానూ నేర్చుకోగలడు. గణితంలో పునాది లేకపోతే ఉద్యోగంలో చేరాక వేసుకోవడం చాలా కష్టం. అందువల్ల గేమింగ్ కోర్సుపై మనసుపడినవారు ముందుగా నాలుగేళ్ల సిలబస్ తెప్పించుకుని, అందులో ఈ సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో, ఎన్ని పేపర్లు సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పడంతోనే సరిపెడుతున్నాయో చూడాలి.

ఉపాధి భద్రత కూడా ఆలోచించాల్సిందే. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేయగానే, వాటిపైనే నడిచిన పేరున్న సంస్థలు ఆ వ్యాపారాన్ని ఆపేసి ఉద్యోగులను తగ్గించుకున్నాయి. అప్పు చేసి పిల్లలను చదివించే మన రాయలసీమ కుటుంబాలకు, అలాంటి సమయంలో మరో సాఫ్ట్‌వేర్ కొలువుకు దారి చూపే డిగ్రీ ఉండటం చిన్న విషయం కాదు. ఈఏపీసెట్‌తో అనంతపురం జేఎన్‌టీయూలో, జేఈఈ మెయిన్‌తో కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎంలో ఆ చదువు దగ్గరలోనే దొరుకుతుంది.

బొమ్మ గీయడంలో నేర్పున్నవారి దారి వేరు. పాత్రల రూపకల్పన, యానిమేషన్ వారి పని. అందుకు ఫైన్ ఆర్ట్స్ డిగ్రీయే తగినది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కు ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయమే ఉన్నా, ఇంజినీరింగ్ సీటు రానివారి చదువుగా దాన్ని చూసే ధోరణి మన జిల్లాల్లో ఇంకా పోకపోవడం బాధాకరం.

ఏ డిగ్రీ అయినా, బెంగళూరు, హైదరాబాద్ స్టూడియోల ముందుకు వెళ్లే అభ్యర్థి చేతిలో చిన్నదైనా పూర్తిచేసిన గేమ్ ఉండాలి. అందుకే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా గేమ్ చేయనిస్తారా, గ్రాఫిక్స్ కార్డులున్న ల్యాబ్‌ను తరగతుల తర్వాత కూడా వాడుకోనిస్తారా అన్న రెండు ప్రశ్నలను, ఫీజు కట్టేముందే కాలేజీని అడిగి తెలుసుకోవాలి.