ప్రతి పాఠంలోనూ వాక్యమేనట!

గౌరవనీయులైన ఎనిమిదో గ్రేడ్ కరిక్యులమ్ గారికి,

ప్రభువు నామంలో వందనాలు. ఆదివారం ఆరాధన అయ్యాక మిగిలిన పూటంతా ఇరవై మూడో కీర్తన మొదటి వచనానికే పోయింది. ధ్యానానికి కాదు లెండి, మా పిల్ల ఇంగ్లిష్ గ్రామర్ హోంవర్కు కోసం దాన్ని ముక్కలు చేసి గీతల మీద ఆరేయడానికి. వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తుందో గీతల బొమ్మగా గీసి చూపాలి, సెంటెన్స్ డయాగ్రమింగ్ అంటారు. ఈరోజు పేపరు తిరిగొచ్చింది. రెండు మార్కులు కట్. నేరమేమిటంటే, వాలాల్సిన గీత నిలబడింది.

ఇది క్రైస్తవ బడి గదా, "మా దగ్గర ప్రతి పాఠంలోనూ వాక్యమే" అని అడ్మిషన్లప్పుడు తమరు సెలవిచ్చారు. వాక్యమంటే దేవుని వాక్యం అనుకున్నాం. కర్త, క్రియ ఉండే వాక్యమని ఇప్పుడు తెలిసింది. పొరపాటు మాదే.

తమరి మిగతా ఘనకార్యాల జోలికి ఎక్కువ పోను. సమీకరణాల పాఠం నెత్తిన సామెతలు 11:1 అచ్చేశారు, దొంగత్రాసు యెహోవాకు హేయమని. పుస్తకం చివర జవాబులు మాత్రం బేసి లెక్కలకే, హోంవర్కు ఇచ్చేదేమో సరి లెక్కలు. త్రాసు ఎటు మొగ్గిందో తమరే చెప్పాలి. బైబిల్ పీరియడ్‌లో రాజుల పట్టిక బట్టీ. ఇశ్రాయేలు రాజ్యంలో అహజ్యా తర్వాత యెహోరాము, యూదా రాజ్యంలో యెహోరాము తర్వాత అహజ్యా. ఆ తిరకాసు పెట్టింది తమరు కాదు కాబట్టి వదిలేస్తున్నా. ఇక అమెరికా చరిత్ర. అంతర్యుద్ధం 1865లోనే ముగిసినా తమరి క్లాసులో మే నెలాఖరుకు గానీ ముగియదు. ఆ తర్వాత జరిగిందంతా వేసవి సెలవుల పాలు.

సరే, గీత దగ్గరికొద్దాం.

ఈ బొమ్మల వ్యాకరణాన్ని రీడ్, కెలాగ్ అనే ఇద్దరు మేష్టార్లు 1877లో పుస్తకంలోకి ఎక్కించారు. విడిగా వ్యాకరణం అభ్యాసాలు రుద్దడం పిల్లల రాతకు అడ్డమని అమెరికాలోని ఇంగ్లిష్ టీచర్ల జాతీయ మండలి 1985లో తీర్మానమే చేసింది. చాలా పబ్లిక్ స్కూళ్ళు, అంటే సర్కారు బడులు, వదిలేశాయి. తమరు మాత్రం బైబిల్లో దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె, ఆ నిబంధన మందసంలా మోస్తున్నారు, ముట్టుకుంటే చస్తాం.

"ద లార్డ్ ఈజ్ మై షెపర్డ్; ఐ షల్ నాట్ వాంట్." ముందు ఒక అడ్డగీత. ఎడమన 'లార్డ్', కుడిన 'ఈజ్', మధ్యలో నిలువు గీత. అది అడ్డగీతను కోసుకుని కిందికి దిగాలి. 'ఈజ్' తర్వాత గీత మాత్రం కిందికి దిగకూడదు, అడ్డగీత మీదే ఆగి, కర్త వైపు వెనక్కి వాలాలి. కాపరి, ప్రభువు ఒక్కరే గనుక ఆ వాలు. అదే నిటారుగా నిలబడిందా, 'షెపర్డ్' కర్మ అయిపోతుంది. 'ద', 'మై' తమ తమ మాటల కింద ఏటవాలు గీతల మీద వేలాడతాయి. రెండో వాక్యానికి కింద మరో అడ్డగీత, దాని మీద 'ఐ', 'షల్ వాంట్'. 'నాట్' క్రియలో కలవదు, క్రియ కింద వేలాడుతుంది. రెండు క్రియలనూ కలుపుతూ మెట్టులాంటి చుక్కల గీత. మధ్యలో ఉన్నది సెమికోలనే, కలిపే మాట లేదు. అందుకని ఆ మెట్టు మీద ఒక పుస్తకం ఖాళీ ఉంచుతుంది, ఇంకోటి ఎక్స్ గుర్తు పెట్టమంటుంది.

ఇంతవరకూ ఓర్చుకోవచ్చు. అసలు గొయ్యి 'వాంట్' దగ్గరుంది. పదమూడేళ్ళ పిల్లకు వాంట్ అంటే కావాలనుకోవడం. క్రియ తర్వాత 'దేన్ని?' అని అడిగితే కర్మ దొరుకుతుందని నేర్పింది నువ్వే కదా, అడుగుతుంది. దొరికేది ఒకే ఒక్క నామవాచకం, షెపర్డ్. దాన్ని లాక్కొచ్చి 'వాంట్' పక్కన నిటారు గీత గీసి కూర్చోబెడుతుంది. ఇప్పుడు చదువు: నాకు ఆ కాపరి అక్కర్లేదు. కీర్తనకర్త దావీదు నోట ఇంత మాట పలికించి, రెండు మార్కులు కోసి ఊరుకున్నావు!

ఈ వచనం ఉన్న ఇంగ్లిష్ అనువాదం, కింగ్ జేమ్స్ బైబిల్, 1611 నాటిది. అందులో వాంట్ అంటే లేకపోవడం, కొరత పడటం. ఈ ముక్క చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఉదాహరణ కూడా నీ సంచిలోనే ఉంది. దానియేలు 5:27లో, గోడమీద ప్రత్యక్షమైన రాతకు అర్థం చెబుతూ, బబులోను రాజు బెల్షస్సరును త్రాసులో తూచి 'ఫౌండ్ వాంటింగ్' అన్నది ఈ వాంటే. బైబిల్ పీరియడ్‌లో ఆ గోడమీది రాత పరీక్ష పెడతావు, గ్రామర్ పీరియడ్‌లో ఆ మాటే ఎత్తవు. ఆ రెండు పీరియడ్లకూ మాటల్లేవా? ఆన్సర్ కీలో చూద్దామంటే బొమ్మ ఒక్కటే, ఎందుకు అలా గీశారో ఒక్క అక్షరం ఉండదు. ప్రతి పాఠంలోనూ వాక్యమట, వాక్యం! కీర్తనను తెచ్చి కసరత్తుకు ముడిసరుకు చేశావు.

తెలుగు బైబిల్ తెరిచి చూడు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు." లేమి అన్నారు, గొడవ తీరిపోయింది. పైగా మొదటి సగంలో క్రియే లేదు, నీ 'ఈజ్' ఎక్కడ పెట్టుకుంటావు? రెండో సగంలో కర్త 'నేను' కాదు, లేమి. 'నాకు' ఓ పక్కగా నిలబడి చూస్తోంది. దీన్ని నీ అడ్డగీత మీదికి ఎక్కించు, చూస్తాను.

కోపంలో ఒక నిజం దాచలేను. ఆ గీత తప్పుగా నిలబడకపోతే వాంట్ సంగతి బయటపడేదే కాదు. పిల్ల ఆ వచనాన్ని గడగడా అప్పజెప్పి, కామాలతో సహా పూర్తి మార్కులు కొట్టేసేది, అర్థం మాత్రం అక్కర్లేని కాపరి దగ్గరే ఉండిపోయేది.

ఇట్లు,
రబ్బరు పొట్టు ఊడ్చుకుంటున్న ఒక పేరెంటు

తా.క.: శుక్రవారానికి మత్తయి 5:5 అట, "బ్లెస్డ్ ఆర్ ద మీక్". ముందొచ్చిందే కర్త అనుకుని క్లాసులో సగం మంది 'బ్లెస్డ్'ను ఎడమన పెడతారు. కర్త 'మీక్'. 'బ్లెస్డ్' వాలుగీత అవతల ఉండాలి. తెలుగులో "సాత్వికులు ధన్యులు" అని వరుస సరిగ్గానే ఉంది. ఈసారైనా క్లాసులోనే చెప్పి పంపు.